జీపు నిండా శ్రోతలు

"ఒట్టు పెట్టమంటే పెడతాను. కానీ ఇంత చిన్న విషయానికి ఒట్టెందుకు దండగ," అని మొదలుపెట్టాడు మావయ్య, రెండో గ్లాసు టీ అందుకుంటూ.

చిన్న విషయం అన్నాడంటే ఏమిటో మాకు తెలుసు. ఆయన గోరంతతో మొదలుపెట్టింది కొండంత కాకుండా ఏనాడూ ఆగలేదు. వెల్డరు స్టూలు ముందుకి జరుపుకున్నాడు. బస్తా బల్ల మీద రెండు మోచేతులూ ఆనించాడు. బస్తా అంటే మా యార్డు మెకానిక్కు. మనిషి నూట పది కిలోలు ఉంటాడు, అందుకని ఆ పేరు. టీ కొట్టు అక్క స్టవ్వు మంట తగ్గించింది. ఇక నేను క్రేను ఆపరేటర్ని. ఆ సాయంత్రం నాకు ఎత్తాల్సిన బరువేమీ లేదు కాబట్టి తీరిగ్గానే ఉన్నాను.

అసలు వినాల్సిన మనిషి మాత్రం వినడం లేదు. మావయ్య సొంత మేనకోడలు బల్ల చివర ఫైలు తెరిచి పెట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయికి మావయ్య కాబట్టే ఆయన యార్డంతటికీ మావయ్య అయ్యాడు. పెద్ద లోడు కదలాలంటే ఏ రోడ్డు మీద పోవాలి, ఏ మలుపు తిరుగుతుంది, ఏ తీగ తగులుతుంది, ఏ వంతెన మోస్తుంది అని ముందే చూసి కాగితం మీద పెట్టే పని ఆమెది. ఇన్నాళ్ళూ ఇంకొకరి కింద రాసింది. సొంత పేరు మీద ఇదే మొదటి ప్లాను.

లోడు కూడా అలాంటిలాంటిది కాదు. గేటు లోపల ట్రైలరు మీద కట్టేసి ఉంది, ఒకే ముక్కగా చేసిన ఇనుప దూలం. ఏటి అవతలి ఊరికి వంతెన కూలిపోయి రెండేళ్ళయింది. బడికైనా ఆసుపత్రికైనా జనం పడవలోనే దాటుతున్నారు. వానలు మొదలైతే ఆ పడవలు కూడా ఆగిపోతాయి. ఈ దూలం ఈ వారంలో అక్కడికి చేరితేనే వంతెన నిలబడుతుంది, లేకపోతే మళ్ళీ ఏడాది. రేపు తెల్లారగానే బండి కదలాలి. ఆరింటికల్లా సంతకం పెట్టిన ప్లాను ఆఫీసులో ఇవ్వాలి. అప్పుడు టైము నాలుగు. ఆ పిల్ల పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, మళ్ళీ తీస్తోంది.

భయమంతా దారిలో ఉన్న రైలు వంతెన గురించే. లోడు దాని కింద నుంచి దూరి పోవాలి. వంతెనకి తగిలించిన బోర్డులో పదిహేడు అడుగులని ఉంది గానీ, ఆ బోర్డు పెట్టాక రోడ్డుకి మూడుసార్లు తారు పోశారు. రోడ్డు పెరిగింది, బోర్డు పెరగలేదు. అందుకని మా పనిలో బోర్డుని నమ్మరు, గడని నమ్ముతారు. మావయ్య ఉద్యోగమే అది. జీపు ముందు బంపరుకి నిలువుగా గడ కట్టి, లోడు ఎత్తుకి ఇంకో నాలుగంగుళాలు కలిపి అంత ఎత్తున గడ కొన నిలిపి, కొనకి చిన్న గంట తగిలించి, లోడు పోయే దారంతా ముందుగా తను పోయి వస్తాడు. దేనికైనా తగిలితే గంట మోగుతుంది. మోగకపోతే దారి మనదే. మిగతా దారంతా ముందే అయింది, నిన్న ఈ వంతెన కింద నుంచి పోయి వచ్చాడు. మోగలేదు.

"మోగలేదని చెప్పాక కూడా ఆ పెన్నుతో ఆటలేమిటే?" అన్నాడు మావయ్య. "నా గడ మీద నమ్మకం లేదా? సరే, విను. అప్పటికి నేను పనికి కొత్త. ఒక ఫ్యాక్టరీకి ట్యాంకు పంపాలి. పెద్దదేం కాదు, మామూలు ట్యాంకే. ఈ కొట్లు రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంత. దారిలో మనుషులు నడిచే చిన్న వంతెన. దానికీ ట్యాంకుకీ సందు రెండు వేళ్ళు. డ్రైవరుకి చెమటలు పట్టేశాయి. 'నువ్వు పైకి చూడకు, నా చెయ్యి చూస్తూ రా' అన్నాను. వచ్చాడు. దాటాడు. అంతే."

"అంతేనా?" అన్నాడు వెల్డరు, మోసపోయినట్టు.

"అంతే అయితే నేనెందుకు చెబుతాను? దాటాక డ్రైవరు దిగి నా చేతులు రెండూ పట్టుకుని ఏడుపు. ఎందుకో తెలుసా? దాటింది ముందు చక్రాలే. లోడు తోక ఇంకా యార్డు గేటులోంచి బయటికే రాలేదు."

"కొట్లు రెండు కలిపితే ఎంతో అంత అన్నావుగా?" అన్నాడు బస్తా.

"అది వెడల్పు. పొడుగు నువ్వు అడిగావా? అడగనిది చెబితే కోతలంటారు, అడిగాక చెప్పకపోతే గర్వమంటారు. పొడుగంటే మామూలు పొడుగు కాదు నాయనా. ముందు ఒక డ్రైవరు, వెనక చక్రాలు తిప్పడానికి వెనక ఒక డ్రైవరు. ముందువాడికి వాన, వెనకవాడికి ఎండ. ముందువాడు వైపర్లు వేసుకుంటుంటే వెనకవాడు తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. ముందు బ్రేకు వేస్తే ఆ సంగతి వెనక్కి చేరేసరికి వెనకవాడు అన్నం తిని, కునుకు తీసి, మొహం కడుక్కుని కూర్చునేవాడు. బయల్దేరినప్పుడు ఇద్దరూ పెళ్ళి కాని కుర్రాళ్ళు. చేరేసరికి ముందువాడి కూతుర్ని వెనకవాడి కొడుక్కి ఇచ్చారు. వియ్యంకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంది ఆ పెళ్ళిలోనే!"

"ఇంతకీ ఎన్ని రోజుల ప్రయాణమయ్యా అది?" అంది అక్క.

"రోజుల్లో లెక్కపెట్టే లోడు కాదక్కా అది. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగు వీధులు కలిసే చోట మలుపు. మలుపులో ఒక ముసలావిడ ఇల్లు. ఇల్లుంటే లోడు తిరగదు. వెళ్ళి బతిమాలాను. 'నేను లేవను, పొయ్యి మీద కూరుంది' అంది ఆవిడ. న్యాయమే కదా, కూర మాడితే ఎవరిది పూచీ? 'మీరు లేవకండి అమ్మమ్మగారూ, కూర్చోండి' అన్నాను. నాలుగు మూలలా నాలుగు జాకీలు పెట్టి ఇల్లు ఎత్తాం. మెల్లిగా, కూర తొణక్కుండా. పైన ఇల్లు, కింద లోడు. అది పోతూనే ఉంది, పోతూనే ఉంది. ఆవిడ కిటికీలోంచి తొంగిచూసి, 'ఉప్పు అయిపోయింది, ఎవరైనా పైకి పంపండర్రా' అంటుంది."

"ఏ జాకీలు? ఎన్ని టన్నులవి?" అన్నాడు బస్తా.

"నీకెప్పుడూ జాకీల గోలే. ఉప్పు పంపామా లేదా అని అడగవేం? మనిషన్నాక ముందు అది అడగాలి. పంపాం, నిచ్చెన వేసి. లోడు పోయాక ఇల్లు దించుతామంటే ఆవిడ ఒప్పుకోలేదు. పైన గాలి బాగుందట. ఇప్పటికీ ఆ ఇల్లు జాకీల మీదే ఉంది. కరెంటు బిల్లు ఇచ్చేవాడు నిచ్చెన ఎక్కి వెళ్ళి ఇచ్చి వస్తాడు."

మేనకోడలి పెదవి చివర ఒక నవ్వు కదిలింది. మావయ్య అది కనిపెట్టాడు. అందుకోసమే ఇదంతా అని మాకు అప్పటికి అర్థమైంది. పిల్ల పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. ఆయనకి ధైర్యం చెప్పడం చేతకాదు, కథ చెప్పడమే చేతనవును.

"మలుపు దాటామా, ఎదురుగా ఏరు," అని గొంతు పెంచాడు. "ఏటి మీద వంతెన లేదు!"

"వంతెన లేని రూటు ప్లానులో ఎలా పెట్టారు?" అంది మేనకోడలు, తల ఎత్తకుండానే.

"ప్లాను రాసినాయన వేసవిలో చూసి రాశాడు తల్లీ, మేం చేరింది వానల్లో. ఆ ఏటికి చదువు రాదాయె, ఆయన కాగితం చదువుకుని ఎండిపోయి ఉండమంటే ఉంటుందా? అందరూ గట్టు మీద చతికిలపడి నెత్తిన చేతులు పెట్టుకున్నారు. నేను ఒకసారి ఏటిని చూశా, ఒకసారి లోడుని చూశా. 'ఒరేయ్, ఇంత పొడుగు పెట్టుకుని ఇంకా వంతెన కోసం ఏడుస్తారేంట్రా' అన్నా. లోడుని ముందుకి తోసి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పడుకోబెట్టాం. దాని మీద నుంచి లారీని నడిపించాం. అవతలికి వెళ్ళాక లోడుని లాక్కుని మళ్ళీ లారీ మీదికి ఎక్కించుకున్నాం. నాలుగు ఊళ్ళ జనం వచ్చి, 'అయ్యా, దాన్ని తీయకండి, ఇక్కడే ఉంచెయ్యండి' అని కాళ్ళావేళ్ళా పడ్డారు. మనసు ఒప్పలేదు గానీ మాట ఇచ్చాం కదా, తీసుకెళ్ళాల్సి వచ్చింది."

"క్రేను లేకుండానే ఎక్కించారా?" అన్నాన్నేను. నా వృత్తి గౌరవం నాకుంటుంది కదా.

"నీలాంటి క్రేను ఆపరేటరు ఉండుంటే ఇంకా అక్కడే ఉండేవాళ్ళం. కూర్చో. ఆ తర్వాత వచ్చింది అసలు గండం. రైలు వంతెన! గడ తగిలింది. గంట ఖంగుమంది. లోడు ఏకంగా అడుగు ఎక్కువ. వెనక్కి తిప్పుదామంటే తోక ఇంకా పక్క జిల్లాలో ఉంది. అందరికీ తలప్రాణం తోకకొచ్చింది. నేను మాత్రం బళ్ళో చెప్పింది గుర్తు చేసుకున్నా. ఇనుము ఎండకి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. మీకూ చెప్పారు. మీరు వినలేదు, నేను విన్నాను. ఊళ్ళో ఉన్న ఐసు ఫ్యాక్టరీలన్నీ ఖాళీ చేయించి ట్యాంకు చుట్టూ దిమ్మలు పేర్పించా. మీరు టీ తాగి రండర్రా అన్నా. తాగొచ్చి చూద్దుము కదా, గొలుసులు వదులుగా పడున్నాయి, ట్యాంకు లేదు!"

"కరిగిపోయిందా?" అంది అక్క.

"కరగలేదక్కా, అతిగా తగ్గింది. వెతగ్గా వెతగ్గా ట్రైలరు మూలన నీ చక్కెర డబ్బా అంతై కూర్చుంది. తీసి జేబులో వేసుకుని వంతెన కింద నుంచి ఈల వేసుకుంటూ నడిచిపోయా. అక్కడే తప్పు చేశా. అవతలికి వెళ్ళగానే దించేయాలా వద్దా? మాటల్లో పడి మర్చిపోయా. ఒంటి వేడి తగిలితే ఊరుకుంటుందా, జేబులోనే పెరగడం మొదలెట్టింది. ఇదిగో, ఈ కుట్టు చూడండి, అప్పుడు చిరిగిందే."

చొక్కా జేబు అంచున కుట్టు నిజంగానే ఉంది.

"ఆ చొక్కా పోయినేడాది నాతోపాటు వచ్చి కొన్నావు కదయ్యా," అంది అక్క.

"చొక్కా కొత్తదే. కుట్టు పాతది," అన్నాడు మావయ్య, రెప్ప వేయకుండా.

వెల్డరుకి నవ్వుతో టీ పొలమారింది. బస్తా వాడి నెత్తి మీద తట్టాడు. మేనకోడలు ఈసారి పళ్ళు కనిపించేలా నవ్వింది. పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. మళ్ళీ పెట్టలేదు. అది చూసి మావయ్యకి పూనకం వచ్చినట్టయింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"అదంతా ఒక ఎత్తు. చివరి వంతెన ఒక ఎత్తు! అప్పటికి నా పేరు ఊరూరా పాకిపోయింది. నా మాటలు వినాలని జనం ఎక్కడికక్కడ జీపు ఎక్కేస్తున్నారు. కాదంటే నొచ్చుకుంటారాయె. ముందు సీట్లో నలుగురు. వెనక పద్నాలుగు మంది. టాపు మీద ఇరవై. బానెట్టు మీద ఒక డాక్టరు, ఒక హెడ్మాస్టరు, ఇద్దరికీ పడదు, మధ్యలో హెడ్మాస్టరుగారి అత్తగారు. స్పేరు టైరులో ఒక పిల్లి, దాని నాలుగు పిల్లలు. జీపు కుంగిపోయింది. కుంగిపోయి, కుంగిపోయి, దాని పొట్ట రోడ్డుకి రాసుకుని నిప్పురవ్వలు లేస్తున్నాయి. అంత బరువుతో ఆ వంతెన కిందికి పోనిచ్చా. మరి గంట మోగిందా? మోగలేదు! నా గడ అంటే అదీ. నిన్నా అంతే. మోగలేదంటే మోగలేదు. ఇంక పెట్టవే తల్లీ ఆ సంతకం!"

వెల్డరు చప్పట్లు కొట్టాడు. మేనకోడలు పెన్ను కాగితం మీద ఆనించింది.

ఆనించి, అలాగే ఆగిపోయింది.

"మావయ్యా," అంది. "జీపు పొట్ట రోడ్డుకి రాసుకుంటుంటే, గడ ఎక్కడుంటుంది?"

"గడెక్కడికి పోతుంది, జీపు మీదే ఉంటుంది."

"జీపు కిందికి దిగితే గడ కూడా దిగుతుందా, దిగదా?"

"అది కథ కదే," అన్నాడు మావయ్య. పదేళ్ళుగా వింటున్నాం ఆయన్ని. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

"కథని నాకూ తెలుసు. నిన్న జీపులో ఎంతమంది ఉన్నారు?"

నేను గ్లాసులోకి చూసుకున్నాను. వెల్డరు చెప్పుల వైపు చూశాడు. బస్తా ఇంత మనిషీ స్తంభం వెనకకి జరిగాడు. ఎందుకంటే నిన్న మేమందరం ఆ జీపులోనే ఉన్నాం. వినేవాళ్ళు లేకపోతే మావయ్యకి స్టీరింగు తిరగదు. గడ కట్టి, ఎత్తు కొలిచి, ఖాళీ జీపు గేటు దాకా తెచ్చి, "రండర్రా, అలా పోయొద్దాం, ఒక సంగతి చెబుతా," అన్నాడు. ఎక్కాం. నేను, బస్తా, వెల్డరు, డ్యూటీ దిగిన వాచ్‌మన్. అక్క కూడా బజారు దాకా అని ఎక్కి, వచ్చేటప్పుడు యాభై కిలోల చక్కెర మూట వేసుకుంది. పోయేటప్పుడు బజారు దారిన పోయాం, వంతెన కింద నుంచి పోయింది ఆ వచ్చేటప్పుడే. మావయ్య కథ మంచి పట్టు మీదుంది. ఎవరూ పైకి కూడా చూడలేదు, గంట కోసం చెవి మాత్రం ఒగ్గాం.

"ఆరుగురం," అంది అక్క, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "నా మూట కూడా."

మేనకోడలు లేచింది. గొంతు పెంచలేదు. జీపు దగ్గరికి వెళ్ళి, టేపు తీసి, బంపరు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచింది. తర్వాత మా వైపు తిరిగి, "నిన్న ఎవరెక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోండి," అంది. వాచ్‌మన్‌ని గేటు దగ్గర నుంచి పిలిచింది. చక్కెర మూట వేయించింది. పట్టపగలు నలుగురూ చూస్తుండగా ఆ కదలని జీపులో బుద్ధిమంతుల్లా కూర్చున్నాం. బస్తా ఎక్కినప్పుడు స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ కొలిచింది.

"ఐదంగుళాలు దిగింది," అంది.

లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. లోడు ఎత్తు పదహారు అడుగుల నాలుగంగుళాలు. గడ నిలిపింది పదహారు ఎనిమిది దగ్గర. మేం ఎక్కాక ఆ గడ పదహారు మూడుకి దిగింది. అంటే గంట మోగకపోవడం వంతెన గొప్పతనం కాదు, మా బరువు. ఆ వంతెన కింద నుంచి దూలం కన్నా ఒక అంగుళం పొట్టి గడని తీసుకుపోయి, దారి మనదే అని వచ్చాం.

మావయ్య స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "నీ చేత సంతకం పెట్టించేవాణ్ణి కదే," అన్నాడు. "రేపు అది ఇరుక్కుంటే పైన రైళ్ళు ఆగేవి, ఇక్కడ నీ పేరు పోయేది. నేనేమో ఇక్కడ కూర్చుని ట్యాంకు జేబులో వేసుకున్నానని..."

నాకూ సిగ్గేసింది. జాకీలు ఎన్ని టన్నులని అడిగాం, క్రేను ఉందా అని అడిగాం. జీపులో మనమెందుకు అని మాత్రం ఎవరం అడగలేదు.

"పెట్టలేదు కదా," అంది మేనకోడలు. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "గంటన్నర టైముంది మావయ్యా. వంతెన ఇక్కడికి పావుగంట దూరం. మళ్ళీ వెళ్ళు. గంట ఏ ఎత్తున మోగిందో, ఏ ఎత్తున మోగలేదో చూసిరా. కానీ ఒక్కడివే వెళ్ళాలి."

మేం దిగాం. మూట దించాం. మావయ్య అలవాటు కొద్దీ ఒకసారి మా అందరి ముఖాలూ చూశాడు. ఎవరం కదల్లేదు. జీపు గేటు దాటి ఒంటరిగా పోయింది.

ఆ గంట మాకు గడవలేదు. అక్క రెండోసారి పెట్టిన టీ ఎవరూ తాగలేదు. ఐదున్నరకి ఐదు నిమిషాలుందనగా జీపు వచ్చింది. మావయ్య దిగి నేరుగా మేనకోడలి దగ్గరికి వచ్చాడు. ఎడమ అరచేతి నిండా పెన్నుతో అంకెలు రాసుకుని ఉన్నాడు. అరచెయ్యి చూస్తూ చదివాడు.

"పదహారు ఎనిమిది, మోగింది. ఏడు, మోగింది. ఆరు, మోగింది. ఐదు, మోగింది. నాలుగు, మోగింది. మూడు దగ్గర మోగలేదు. మూడు దగ్గర ఇంకోసారి పోయి చూశా. మోగలేదు."

అంతే. ముందు ఒక కథ లేదు, వెనక ఒక కథ లేదు. అంగుళానికొకసారి దిగి గడ దించుకుంటూ, చుట్టూ తిరిగి వస్తూ, ఆ వంతెన కింద నుంచి ఏడుసార్లు పోయాడు.

"దారిలో ఎవరితోనైనా మాట్లాడావా?" అంది మేనకోడలు.

"లేదే. మాట్లాడితే అంకె మారిపోతుందేమోనని భయం వేసింది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. భయం పోతే వచ్చే నీళ్ళు అవి. వెంటనే పనిలో పడింది. దూలం కింద ఆరంగుళాల చెక్క దిమ్మలు వేసి ఉన్నాయి. చోటు బోలెడుంది కదా అని వేసినవి. వాటిని తీసేసి అంగుళం మందం రబ్బరు పట్టీలు వేస్తే లోడు ఐదంగుళాలు దిగుతుంది. పదిహేను అడుగుల పదకొండంగుళాలు. వంతెన కింద పదహారు మూడు. సందు నాలుగంగుళాలు. కాగితం మీద పాత అంకె కొట్టేసి, కొత్తది రాసి, పక్కనే 'కొలిచినవారు' అన్న చోట మావయ్య చేత సంతకం పెట్టించింది. ఆ గడిలో ఎప్పుడూ ఆఫీసు ముద్రే ఉండేది. కింద తన సంతకం పెట్టింది. ఆరుకి పది నిమిషాలుంది.

నేను క్రేను ఎక్కాను. ఎత్తడానికి బరువేమీ లేదనుకున్న ఆ సాయంత్రం ఎత్తినంత జాగ్రత్తగా నా సర్వీసులో ఇంకే బరువూ ఎత్తలేదు.

పొద్దున దూలం వెళ్ళింది. వంతెన కిందికి వచ్చేసరికి డ్రైవరు ఊపిరి బిగబట్టాడట. అవతలికి వచ్చాక వదిలాడట. మూడో రోజు మధ్యాహ్నానికల్లా ఏటి గట్టున దించారు. అవతలి గట్టు మీద ఊరంతా నిలబడి కేకలు వేస్తోందని, పడవ నడిపేవాడు కూడా వేస్తున్నాడని ఫోన్లో చెప్పారు.

ఆ సాయంత్రం కొట్టు దగ్గర పక్క యార్డు డ్రైవర్లు నలుగురు చేరారు. మావయ్య పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. మేనకోడలు బల్ల చివర కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుకుంటోంది.

"మీరు పెద్ద పెద్ద లోడ్లు చూసే ఉంటారు," అంటున్నాడు మావయ్య. "కానీ ఇలాంటిది చూసుండరు. వంతెనకీ దూలానికీ మధ్య సందు ఎంతో తెలుసా? వెంట్రుకవాసి! నడుచుకుంటూ పోతున్న చీమ తల వంచుకుని..."

"నాలుగంగుళాలు," అంది మేనకోడలు.

డ్రైవర్లు ఆమె వైపు తిరిగారు. మావయ్య గొంతు సవరించుకున్నాడు. "కథలో అంగుళం అటూ ఇటూ ఉంటుందే. ఎప్పుడూ పెంచుతానని అంటారు, ఈసారి తగ్గించే చెబుతున్నా కదా."

"ఇల్లు ఎత్తుకో, ట్యాంకు జేబులో వేసుకో, నేనేమైనా అన్నానా? ఇది నువ్వు ఒక్కడివే ఏడుసార్లు తిరిగి తెచ్చిన అంకె మావయ్యా. దాన్ని నమ్మి నేను సంతకం పెట్టాను. దీన్ని మాత్రం తగ్గించకు."

మావయ్య డ్రైవర్ల వైపు తిరిగి, నాలుగు వేళ్ళు చూపించాడు.

"నాలుగంగుళాలండీ," అన్నాడు. "సరిగ్గా నాలుగు."